ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు మీ కౌంటీలో ఎక్కడికి పోతోంది? నార్త్ కరోలినాలో లెక్క పట్టుకునే పద్ధతి

ఓపియాయిడ్లంటే నల్లమందు జాతి నొప్పి మందులు. వాటికి జనం బానిసలై ప్రాణాలు పోగొట్టుకున్నందుకు ప్రభుత్వాలు కేసులు వేస్తే, రాజీ కుదుర్చుకుని కంపెనీలు కడుతున్న డబ్బే ఈ సెటిల్‌మెంట్. దీని గురించి క్యారీ, మోరిస్‌విల్, షార్లెట్ వైపు ఉండే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు మూడున్నాయి. మందుల కంపెనీలు కట్టిన ఆ కోట్ల డాలర్లు ఎవరి చేతికి వచ్చాయి? ఎవరు ఖర్చు పెడుతున్నారు? మనం అడిగితే చెబుతారా?

మూడో దానికి జవాబు ముందే చెప్పేస్తాను. చెబుతారు, చెప్పి తీరాలి. కాకపోతే ఏ కాగితం అడగాలో మీకు తెలిసుండాలి. నేను మొదట్లో తెలియక రెండు మూడు నెలలు రాష్ట్ర బడ్జెట్ పత్రాలు చదువుతూ కూర్చున్నాను. నాకు కావలసింది మా కౌంటీ బోర్డు చేసిన రెండు పేజీల తీర్మానం అని తర్వాత తెలిసింది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఆ తీర్మానం దొరికాక మిగతా లెక్కంతా దాని వెనకే వచ్చింది.

## 1. మొదలుపెట్టే ముందు: రెండు అపోహలు వదిలించుకోండి

ఇది బాధితులకు ఇచ్చే పరిహారం కాదు. "మా బంధువుల అబ్బాయి ఓవర్‌డోస్‌తో పోయాడు, క్లెయిమ్ ఎలా వేయాలి?" అని అడిగేవాళ్లు ఉన్నారు. మెక్‌కెసన్, కార్డినల్, అమెరిసోర్స్‌బెర్గెన్ (ఇప్పుడు సెంకోరా), జాన్సన్ అండ్ జాన్సన్, టెవా, అలెర్గాన్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ కట్టే డబ్బు ప్రభుత్వాలకు వెళుతుంది. వ్యక్తులకు ఇవ్వడం అందులో లేదు. వ్యక్తుల కోసం విడిగా కొంత పక్కన పెట్టింది మందుల కంపెనీ పర్డ్యూ లాంటివాళ్ల దివాలా కేసుల్లో. దాని దారి వేరు, ఈ వ్యాసంలో దాని జోలికి వెళ్లడం లేదు.

అటార్నీ జనరల్ ఆఫీసు ఈ డబ్బును గ్రాంట్లుగా పంచదు. ఒప్పందాలు కుదిర్చినప్పుడు అటార్నీ జనరల్ జోష్ స్టైన్. ఆయన 2025లో గవర్నరయ్యారు, ఆ కుర్చీలోకి జెఫ్ జాక్సన్ వచ్చారు. ఎవరున్నా మీ ఊరి సంస్థకు అక్కడి నుంచి చెక్కు రాదు. ఉత్తరం రాసేవాళ్లు కౌంటీకి రాయండి.

## 2. నూరు డాలర్లు వస్తే ఎవరికెంత

2021 జులైలో దేశస్థాయి ఒప్పందం ప్రకటించారు. ముగ్గురు పంపిణీదారులు (మెక్‌కెసన్, కార్డినల్, అమెరిసోర్స్‌బెర్గెన్) 18 ఏళ్లలో 2,100 కోట్ల డాలర్ల వరకు, జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల వరకు కట్టాలి. మొత్తంలో కనీసం 85 శాతం ఓపియాయిడ్ సమస్యను తగ్గించే పనులకే వాడాలని షరతు. 1998 నాటి పొగాకు సెటిల్‌మెంట్ డబ్బు చాలా రాష్ట్రాల్లో సంబంధం లేని ఖర్చుల్లో కలిసిపోయిన అనుభవమే ఈ షరతుకు కారణం.

లోపల ఎలా పంచుకోవాలో ప్రతి రాష్ట్రం తనే తేల్చుకుంది. నార్త్ కరోలినాలో రాష్ట్రానికి, స్థానిక ప్రభుత్వాలకు మధ్య ఒక అవగాహన పత్రం కుదిరింది. దాన్ని అందరూ ఎంఓఏ అంటారు. దాని ప్రకారం నూరు డాలర్లలో:

- 15 రాష్ట్రానికి. దీన్ని ఎలా ఖర్చు పెట్టాలో చట్టసభ నిర్ణయిస్తుంది.
- 80 స్థానిక ప్రభుత్వాలకు: 100 కౌంటీలు, 17 నగరాలు.
- 5 ప్రోత్సాహక నిధి. తమ పరిధిలోని నగరాలను కూడా ఒప్పందంలోకి తెచ్చిన కౌంటీలకు.

టెవా, ఫార్మసీ గొలుసుల డబ్బు తర్వాత వచ్చింది. దానికి అనుబంధ ఒప్పందం రాసుకున్నారు, పద్ధతి దాదాపు అదే. అన్నీ కలిపి 2022 నుంచి 2038 వరకు నార్త్ కరోలినా మొత్తానికి వచ్చేది 150 కోట్ల డాలర్లకు అటూ ఇటూ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 85 వంతుల డబ్బు రాలీలోని రాష్ట్ర ఖజానా మీదుగా రాదు. దేశస్థాయి నిర్వాహక సంస్థ నుంచి నేరుగా కౌంటీ ఖాతాలో పడుతుంది. మన పంచాయతీ నిధులు మధ్యలో రాష్ట్ర ఖజానాలో ఆగిపోయాయని సర్పంచులు మొత్తుకునే బాధ ఇక్కడ లేదు. అంటే ఆలస్యానికో తప్పుకో కౌంటీ బోర్డు పైవాళ్ల మీద నెపం వేయలేదు.

క్యారీ, రాలీ, డరమ్, షార్లెట్ ఆ 17 నగరాల్లో ఉన్నాయి. మోరిస్‌విల్, ఏపెక్స్ లేవు. మీ ఊరు జాబితాలో లేకపోతే మీరు చూడాల్సింది కౌంటీనే. ఉంటే నగరం, కౌంటీ రెండూ చూడండి, ఎందుకంటే నగరం తన వాటాను కౌంటీకి అప్పగించే వీలు కూడా ఉంది.

## 3. కూర్చునే ముందు చేతిలో ఉండాల్సినవి

- మీ కౌంటీ పేరు. పోస్టల్ అడ్రసులో క్యారీ అని ఉన్నా ఇల్లు వేక్‌లోనే ఉండాలని లేదు, చాథమ్ కౌంటీలో ఉండొచ్చు. ఆస్తి పన్ను బిల్లు చూడండి.
- ఆర్థిక సంవత్సరం: జులై 1 నుంచి జూన్ 30. మార్చి 31 అలవాటైన మనకు ఇది మొదట తికమకే.
- కోర్-ఎన్‌సి వెబ్‌సైట్. రాష్ట్ర న్యాయశాఖ, ఆరోగ్యశాఖ, కౌంటీ కమిషనర్ల సంఘం, యూఎన్‌సీ గాయాల నివారణ పరిశోధన కేంద్రం కలిసి నడుపుతున్నాయి. కౌంటీల వారీగా వచ్చిన సొమ్ము, రావాల్సిన సొమ్ము, పంపిన నివేదికలు అక్కడే ఉంటాయి.
- కౌంటీ బోర్డు క్లర్క్ ఈమెయిలు.
- ఒక స్ప్రెడ్‌షీట్. నోట్‌బుక్కయినా చాలు.

కోర్-ఎన్‌సిలో మీ కౌంటీ పేజీ తెరిస్తే ఏళ్ల వారీ చెల్లింపుల పట్టిక కనిపిస్తుంది. అంకెలు సమానంగా ఉండవు. వాల్‌మార్ట్ లాంటివాళ్లు చాలా వరకు ముందే కట్టేశారు, మిగతావి ఒక్కొక్కటీ ఒక్కో ఏడు ఆగిపోతాయి. మొదటి ఏళ్ల అంకె చూసి "ఏటా ఇంత వస్తుంది" అనుకుంటే లెక్క తప్పుతుంది. నేను మాత్రమే కాదు, ఈ డబ్బును నమ్ముకుని ఉద్యోగాలు సృష్టించే కౌంటీలు కూడా ఈ తప్పు చేస్తాయి.

## 4. అసలు కాగితం: ఖర్చు తీర్మానం

ఈ వ్యాసంలో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇది పాటించండి.

కౌంటీ ఈ డబ్బును సాధారణ ఖజానాలో కలపకూడదు. విడిగా ప్రత్యేక నిధి తెరవాలి, వడ్డీ కూడా ఇదే పనికి పోవాలి. ఆ నిధిలోంచి డాలరు బయటికి రావాలంటే ముందు కమిషనర్ల బోర్డు బడ్జెట్‌లో గానీ విడి తీర్మానంలో గానీ అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతిలో మూడు విషయాలు ఉండి తీరాలి:

- ఇది ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ నిధుల ఖర్చుకు అనుమతి అని స్పష్టంగా.
- ఏ పనికి అన్నది, ఒప్పందం జాబితాలోని అక్షరం లేదా అంకెతో సహా.
- ఆ పనికి ఎంత సొమ్ము, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు.

ఉదాహరణకు ఇలా ఉంటే బాగున్నట్టు (ఎగ్జిబిట్ అంటే ఎంఓఏకు జత చేసిన జాబితా, నలోక్సోన్ అంటే ఓవర్‌డోస్ అయినవాళ్లను బతికించే మందు): "ఎగ్జిబిట్ ఏ, 7వ అంశం, నలోక్సోన్ పంపిణీ, 60,000 డాలర్లు, 2025 జులై 1 నుంచి 2026 జూన్ 30 వరకు."

ఇలా ఉంటే అనుమానించాలి: "మాదకద్రవ్యాల సమస్యపై వివిధ కార్యక్రమాలకు 4 లక్షల డాలర్లు." అంశం లేదు, గడువు లేదు. ఇలాంటి వాక్యం కింద ఏదైనా కొనేయొచ్చు.

### ఎగ్జిబిట్ ఏ, ఎగ్జిబిట్ బీ

అంశం సంఖ్య చూడగానే అది ఏ జాబితాలోదో తేల్చుకోండి. ఎగ్జిబిట్ ఏ చిన్నది, 12 అంశాలు. కౌంటీ వీటిలోంచి నేరుగా ఎంచుకోవచ్చు:

1. అందరితో కలిసి ప్రణాళిక వేసుకోవడం
2. రుజువైన చికిత్స: మెథడోన్, బుప్రినార్ఫిన్ లాంటి మందులు
3. కోలుకుంటున్నవాళ్లకు తోడుండే సేవలు
4. వాళ్లకు ఉండటానికి ఇల్లు
5. ఉద్యోగానికి సాయం
6. పిల్లల్లో, యువతలో సమస్యను మొదట్లోనే పట్టుకోవడం
7. నలోక్సోన్ పంపిణీ
8. ఓవర్‌డోస్ నుంచి బయటపడ్డవాళ్లను వెళ్లి కలిసే బృందం
9. సిరంజి సేవలు (శుభ్రమైన సూదులు అందించడం)
10. జైలుకు బదులు చికిత్సకు మళ్లించడం
11. జైల్లో ఉన్నవాళ్లకు చికిత్స
12. జైలు నుంచి బయటికొచ్చినవాళ్లకు ఆసరా

ఎగ్జిబిట్ బీ చాలా పెద్ద జాబితా. అందులోంచి తీసుకోవాలంటే కౌంటీ ముందు అందరినీ కూర్చోబెట్టి ప్రణాళికా ప్రక్రియ పూర్తి చేయాలి. ఆ ప్రక్రియ ఎలా జరగాలో ఎగ్జిబిట్ సీలో ఉంది. కాబట్టి తీర్మానంలో "ఎగ్జిబిట్ బీ" కనిపిస్తే మీరు వేయాల్సిన తర్వాతి ప్రశ్న ఒక్కటే: ప్రణాళిక నివేదిక ఎక్కడుంది, దాన్ని బోర్డు ముందు ఎప్పుడు పెట్టారు?

పోలీసు కారు కొంటామంటే? పై పన్నెండులో దానికి నాకైతే చోటు కనిపించదు. "10వ అంశం కింద" అని ఎవరైనా అంటే, ఆ కారు ఎవరిని ఏ చికిత్సకు తీసుకెళ్తోందో అడగండి.

### తీర్మానం తెచ్చుకోవడం

ముందు కోర్-ఎన్‌సిలో చూడండి. తీర్మానమైన 90 రోజుల్లో కౌంటీ అక్కడ నమోదు చేయాలి. లేకపోతే బోర్డు క్లర్క్‌కు రాయండి. నార్త్ కరోలినా పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు. అడిగేవాడు పౌరుడే అయ్యుండాలని లేదు, హెచ్‌1బీ మీద ఉన్నా అడగొచ్చు.

మన సమాచార హక్కు చట్టంతో పోలిస్తే ఒక తేడా ఉంది. అక్కడ 30 రోజుల గడువుంది. ఇక్కడ "వీలైనంత త్వరగా" అని మాత్రమే ఉంది, రోజుల లెక్క లేదు. అందుకే అడిగేది చిన్నగా, సూటిగా ఉండాలి. "ఓపియాయిడ్ డబ్బుకు సంబంధించిన పత్రాలన్నీ" అని రాస్తే నెలలు పడుతుంది. ఈ మేరకు రాస్తే చాలు:

"2022 జులై 1 నుంచి ఇప్పటివరకు ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ నిధుల ఖర్చుకు బోర్డు ఆమోదించిన తీర్మానాలు, బడ్జెట్ ఆర్డినెన్స్‌లు, ఆ నిధులు పొందిన సంస్థలతో చేసుకున్న కాంట్రాక్టుల ప్రతులు ఈమెయిల్లో పంపగలరు."

కాంట్రాక్టులు అడగడం మరచిపోకండి. తీర్మానంలో పని పేరు ఉంటుంది. చేసే సంస్థ పేరు, ఏం చేస్తే డబ్బిస్తారో ఆ షరతులు కాంట్రాక్టులోనే తెలుస్తాయి.

## 5. రెండు నివేదికలు పక్కపక్కన పెట్టి చదవడం

ఆర్థిక సంవత్సరం ముగిసిన 90 రోజుల్లో, అంటే సెప్టెంబరు 28 లోపు, ప్రతి కౌంటీ రెండు నివేదికలు ఇవ్వాలి. ఒకటి డబ్బు లెక్క, ఇంకొకటి (ఆ ఏడాది ఖర్చు పెట్టి ఉంటే) ఫలితాల లెక్క. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు.

డబ్బు లెక్కలో నాలుగు అంకెలుంటాయి: మొదట్లో నిల్వ, ఏడాదిలో వచ్చింది, అంశాల వారీగా ఖర్చయింది, చివర్లో నిల్వ. కిరాణా కొట్టు పద్దులాగే సరిచూడండి:

- నిల్వ + రాబడి − ఖర్చు = ముగింపు నిల్వ. తేడా వస్తే ముందు వడ్డీని కలిపి చూడండి.
- నిరుటి ముగింపు నిల్వ, ఈ ఏటి ఆరంభ నిల్వ ఒకటేనా?
- రాబడి అంకె కోర్-ఎన్‌సి చెల్లింపుల పట్టికతో సరిపోతోందా?
- ఖర్చయిన ప్రతి అంశానికీ తీర్మానం ఉందా? ఖర్చు తీర్మానంలోని సొమ్మును దాటిందా?

నిల్వ ఎక్కువగా ఉందని వెంటనే గొడవకు దిగకండి. రాబోయే ఏళ్లలో చెల్లింపులు తగ్గుతాయని తెలిసి కొంత దాచుకోవడం తెలివైన పనే. "దీనికి ప్రణాళిక ఏది?" అని అడగండి. జవాబు లేకపోతే అప్పుడు గొంతు పెంచొచ్చు.

ఫలితాల లెక్క మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఎంత చేశారు? ఎంత బాగా చేశారు? ఎవరికైనా మేలు జరిగిందా? నా అనుభవంలో మొదటిదానికి అంకెలు బాగానే రాస్తారు. మూడో దాని దగ్గర కలం ఆగిపోతుంది, ఒక మనసు కదిలించే కథ రాసి వదిలేస్తారు. కథ తప్పు కాదు, నివేదికలోనే దానికి చోటుంది. కానీ 500 నలోక్సోన్ కిట్లు కొన్నారంటే, ఎన్ని జనం చేతికి చేరాయో, ఎన్ని ఆఫీసు అల్మారాలోనే ఉన్నాయో తెలియాలి. చికిత్సలో 40 మంది చేరారంటే, ఆరు నెలల తర్వాత ఎంతమంది కొనసాగుతున్నారో తెలియాలి.

ఇంకొక ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు, కానీ నేను ప్రతిసారీ వేస్తాను: ఈ పని నిరుడు ఎవరి డబ్బుతో నడిచింది? కౌంటీ సొంత డబ్బుతో నడిచిన కౌన్సిలర్ జీతాన్ని ఇప్పుడు ఈ నిధిలోకి తోసి, మిగిలిన డబ్బు వేరే చోట ఖర్చు పెడితే, కాగితం మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. జనానికి మాత్రం కొత్తగా ఒరిగిందేమీ ఉండదు. దీన్ని పట్టుకోవాలంటే నిరుటి బడ్జెట్, ఈ ఏటి బడ్జెట్ పక్కపక్కన పెట్టి ఆ ఉద్యోగం ఏ నిధిలో ఉందో చూడాలి. కాస్త విసుగు పని, శనివారం మధ్యాహ్నం కాఫీ పెట్టుకుని కూర్చోండి.

## 6. మాట్లాడేందుకు సరైన సమయం

ఖర్చయ్యాక మాట్లాడటం కంటే ఖర్చుకు ముందు మాట్లాడటం సులువు. ఏడాది ఇలా నడుస్తుంది:

- జనవరి–మార్చి: కౌంటీ శాఖలు బడ్జెట్ అడుగుతున్న రోజులు. మీ సంస్థ ప్రతిపాదన ఏదైనా ఉంటే ఇప్పుడే ఆరోగ్యశాఖకు ఇవ్వండి.
- జూన్ 1 లోపు: కౌంటీ మేనేజర్ తయారుచేసిన బడ్జెట్ బోర్డు ముందుకు రావాలి. పెట్టిన పది రోజుల దాకా ఆమోదించకూడదు. ఈలోపే బహిరంగ విచారణ.
- జులై 1 లోపు: ఆమోదం.
- సెప్టెంబరు 28: నివేదికల గడువు.
- ఏడాదిలో ఒక్కసారైనా: కౌంటీ తన పరిధిలోని పట్టణాలన్నిటినీ పిలిచి ఈ నిధులపై సమావేశం పెట్టాలి. అది అందరికీ తెరిచే ఉంటుంది. తేదీ క్లర్క్‌నే అడగండి.

ఇవి కాక కమిషనర్ల బోర్డు నెలకొకసారైనా జనం మాట్లాడేందుకు సమయం ఇవ్వాలని రాష్ట్ర చట్టం. సాధారణంగా మనిషికి మూడు నిమిషాలు. పేరు ముందుగా నమోదు చేసుకోవాలా, అక్కడికెళ్లి రాయాలా అన్నది కౌంటీని బట్టి మారుతుంది.

"మనకు ఓటే లేదు, మన మాట వింటారా?" అని మనవాళ్లకు ఒక బెరుకు. మైకు దగ్గర ఓటరు కార్డు అడగరు. ఇంగ్లీషు యాస గురించి టెన్షన్ పడకండి. రాసుకెళ్లి చదవండి.

మూడు నిమిషాలకు నేను వాడే చట్రం:

- మొదటి 20 సెకన్లు: పేరు, ఏ ప్రాంతం.
- తర్వాత ఒక నిమిషం: ఒక అంశం, ఒక అంకె, అది ఏ పత్రంలో ఏ పేజీలో ఉందో.
- మిగిలిన సమయం: ఒకే ఒక్క కోరిక. "వచ్చే సమావేశంలో ఆరోగ్యశాఖ డైరెక్టరు ఈ అంకెకు జవాబు చెప్పాలి" లాంటిది.

ఒకసారి ఒక సభలో మన పెద్దాయన ఒకరు ఓపియాయిడ్ల చరిత్ర మొత్తం మొదలుపెట్టారు. అసలు ప్రశ్న దాకా రాకముందే గంట మోగింది.

## 7. తప్పు కనిపిస్తే వరుస ఇదీ

ఒక అడుగు దాటేసి ఇంకోదానికి దూకకండి. మొదటి రెండు మెట్ల దగ్గరే చాలా వరకు తేలిపోతాయి, ఎందుకంటే చాలా "అవకతవకలు" నిజానికి తప్పుగా నింపిన ఫారాలు.

1. కౌంటీ ఫైనాన్స్ ఆఫీసర్‌కు ఈమెయిలు. నిందించొద్దు. "ఈ రెండు అంకెల మధ్య తేడా నాకు అర్థం కాలేదు" అని రాయండి.
2. మీ కమిషనర్. ఫైనాన్స్ జవాబు జత చేసి పంపండి.
3. బహిరంగ సమావేశం. పైన చెప్పిన మూడు నిమిషాలు.
4. ఆడిట్ నివేదిక. ప్రతి కౌంటీకి ఏటా స్వతంత్ర ఆడిట్ ఉంటుంది. ప్రత్యేక నిధి పేరు అందులో వెతికి చూడండి.
5. రాష్ట్ర న్యాయశాఖ. ఇంతవరకు జరిగిన ఉత్తరాలన్నీ కలిపి పంపండి.

ఒప్పందానికి విరుద్ధంగా ఖర్చు పెట్టినట్టు బయటపడితే, సరిదిద్దుకోవడానికి కౌంటీకి 60 రోజులుంటాయి. అంత సొమ్మును మళ్లీ సరైన పనికి కేటాయించాలి లేదా తిరిగి కట్టాలి. సరిదిద్దకపోతే రాబోయే చెల్లింపుల్లో కోత పడొచ్చు. కాబట్టి మీ ఈమెయిల్లో "ఎంఓఏ ప్రకారం 60 రోజుల్లో సరిదిద్దే అవకాశం మీకుంది" అని ఒక్క వాక్యం మర్యాదగా చేర్చండి. ఈ పత్రం మీరు చదివారని వాళ్లకు తెలిస్తే జవాబు తీరే మారిపోతుంది.

## 8. వేరే రాష్ట్రంలో ఉంటే

పద్ధతి ఇదే, కానీ తలుపు వేరు. ఎవరి తలుపు తట్టాలో ముందు తేల్చుకోండి.

టెక్సాస్: ఫ్రిస్కో, అర్వింగ్‌లో ఉన్నవాళ్లు కౌంటీనే నమ్ముకుంటే కొద్దిపాటి సొమ్మే కనిపిస్తుంది. రాష్ట్రానికి 15, స్థానిక ప్రభుత్వాలకు 15 శాతం పోగా, 70 శాతం కంప్ట్రోలర్ (రాష్ట్ర ఖజానా అధికారి) దగ్గరి ఓపియాయిడ్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది. ఆ కౌన్సిల్ సమావేశాల అజెండాలే మీ తీర్మానాలు.

వాషింగ్టన్: రాష్ట్రానికి సగం, స్థానికులకు సగం. రెడ్‌మండ్, బాతెల్ వాళ్లు తమ ప్రాంతీయ ఓపియాయిడ్ కౌన్సిల్ పత్రాలు చూడాలి.

ఒహైయో: 55 శాతం వన్‌ఒహైయో రికవరీ ఫౌండేషన్ అనే సంస్థకు, 30 శాతం స్థానికులకు, 15 శాతం రాష్ట్రానికి. మేం ప్రభుత్వం కాదు, పత్రాలివ్వం అన్న ఆ ఫౌండేషన్ వాదనను రాష్ట్ర సుప్రీంకోర్టు 2023లో తోసిపుచ్చింది. అయితే ఆ తర్వాత అక్కడి చట్టసభ నిబంధన మార్చింది, కాబట్టి ఇప్పుడు ఏ పత్రాలు అడగొచ్చో ముందు తెలుసుకోండి. కొలంబస్‌లో ఉన్న మిత్రులు ముందు ఆ ఫౌండేషన్ ప్రాంతీయ బోర్డుల జాబితాలో తమ కౌంటీ ఏ ప్రాంతం కిందికి వస్తుందో వెతికి, అక్కడి నుంచి ఈ వ్యాసంలోని 4వ భాగానికి వెళ్లండి.